కోడ్ భాండాగారాలు: పాఠరక్షణ, తాళంచెవుల బాధ్యత

ఒక గ్రంథాన్ని రక్షించటమంటే తాళపత్రాలకు నూనె పూసి, గుడ్డలో చుట్టి, పెట్టెలో భద్రపరచటం మాత్రమే కాదు. అందులోని పాఠాన్ని సైతం రక్షింపవలసి ఉన్నది. చెదపురుగు తిన్న ఆకు తిన్నట్లే కనబడుతుంది. కాని లేఖకుడు చేర్చిన పద్యం మూలకారుని పద్యం ప్రక్కన అదే ఛందస్సులో, అదే ముఖంతో నిలుస్తుంది. కావుననే ప్రాచ్య విద్యారంగంలో పాఠపరిష్కరణం ఒక ప్రత్యేక శాస్త్రంగా పెంపొందినది. పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919 లో ప్రారంభించి 1966 లో పూర్తిచేసిన మహాభారత సంశోధిత ప్రతికై 1,259 వ్రాతప్రతులను పరిశీలించినది. ప్రక్షిప్తాన్ని గుర్తించటం ఎంత శ్రమతో కూడిన పనియో ఈ సంఖ్యయే తెలుపుతున్నది.

నేడు ఇట్టి రక్షణను కోరే మరియొక పాఠజాతి ఏర్పడినది. అది కంప్యూటర్లను నడిపించే కోడ్. అందులోను, ఎవరైనా చదువుకొని, ప్రతి చేసుకొని, సవరించుకొనుటకు అనుమతితో వెలువడే ఓపెన్ సోర్స్ కోడ్ ఈ వ్యాసానికి విషయం. ఇది తెలుగు పాఠకునికి దూరమైన విషయం కాదు. ఆండ్రాయిడ్ ఫోనుకు ఆధారమైన లినక్స్ కెర్నెల్ ఓపెన్ సోర్స్ కోడే. ఆ ఫోనులో గుణింతాన్ని, ఒత్తును, ద్విత్వాన్ని సరియైన చోట కూర్చి చూపే హార్ఫ్‌బజ్ కూడ అట్టిదే. ఇట్టి కోడ్‌ను భద్రపరచే రిపాజిటరీని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారాల వరుసలో కోడ్ భాండాగారమని వ్యవహరింపవచ్చును. ఆ భాండాగారపు తాళంచెవి ఎవరి చేతిలో ఉండవలెను, ఎట్లు ఉండవలెను అనునదే ఇచ్చటి ప్రశ్న. తాళం ఎంత గట్టిదైనను, తాళంచెవి పట్టిన వ్యక్తిని ఒంటరిగా విడిచినచో భాండాగారానికి రక్షణ లేదనునది ఈ వ్యాసం ప్రతిపాదించే అభిప్రాయం.

భాండాగార స్వరూపం

నేడు అధిక వ్యాప్తిలో ఉన్న కోడ్ భాండాగార పద్ధతి గిట్. లినక్స్ స్రష్ట లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దీనిని రూపొందించెను. ఇందులో కమిట్ అని పిలిచే ప్రతి మార్పుకును, దానిలోని పాఠం నుండి గణించిన 40 చిహ్నాల గుర్తు ఒకటి ఉంటుంది. దానిని హాష్ అంటారు. ఒక మార్పు యొక్క గుర్తును గణించునప్పుడు అంతకు ముందరి మార్పు యొక్క గుర్తును కూడ కలుపుతారు. కావున పాత పాఠంలో ఎచ్చటనైనా ఒక్క అక్షరాన్ని మార్చినచో, అక్కడినుండి నేటివరకు ఉన్న గుర్తులన్నియు మారిపోతాయి. పైగా భాండాగారాన్ని ప్రతి చేసుకొన్న ప్రతివాని యొద్ద సాధారణంగా చరిత్ర యావత్తు ఉంటుంది. ఒక ప్రతిని కలుషితం చేసినవాడు మిగిలిన ప్రతులన్నిటిని కలుషితం చేయలేడు.

క్రమపాఠం ఎరిగినవారికి ఇందలి మర్మం సులభంగా బోధపడగలదు. క్రమంలో మొదటి పదం రెండవదానితో, రెండవది మూడవదానితో ముడిపడి సాగుతుంది; జట, ఘన మొదలైన వికృతులలో ఆ ముడులు మరింత బిగుస్తాయి. ఒక పదం జారినచో గొలుసులోనే ఆ లోపం వినబడుతుంది. దీనినిబట్టి వేదాధ్యాయులకు కంప్యూటర్ విద్య తెలిసియుండెనని చెప్పటం అసంగతం. పాఠాన్ని అనేక ముడులతోను, అనేక సాక్షులతోను కాపాడవలెనను వివేకం ఉభయత్ర సమానమని మాత్రం చెప్పవచ్చును.

అయితే హాష్‌కు ఒక పరిమితి కలదు. పాత గొలుసు తెగలేదని అది చెప్పగలదు. క్రొత్త లంకె వేసినవాడు ఎవడో, ఏ ఉద్దేశంతో వేసెనో చెప్పజాలదు. గిట్‌లో కర్త పేరు, చిరునామా వ్రాసేవాడు స్వయంగా ప్రకటించుకొనేవే. ఇతరుని పేరు పెట్టుకొనుటకు అడ్డు లేదు. ప్రసిద్ధ కవుల పేర అనామకుల రచనలు చలామణి అయిన సందర్భాలు సాహిత్యచరిత్రకారులకు క్రొత్త కావు. డిజిటల్ సంతకంతో కూడిన మార్పునే నమ్మవలెననే నియమం ఈ కారణం చేతనే ఏర్పడినది. ఆ సంతకపు తాళంచెవియు, భాండాగారంలో వ్రాయుటకు అనుమతించే ఖాతాయు పరహస్తమైనచో మిగిలిన ఏర్పాట్లన్నియు నిష్ప్రయోజనాలు.

ఒక్క చిహ్నపు ప్రక్షిప్తం

2003 నవంబరులో జరిగిన సంఘటన ఈ సందర్భంలో స్మరణీయం. అప్పటికి గిట్ లేదు. లినక్స్ మూలపాఠం బిట్‌కీపర్ అను పద్ధతిలో ఉండెడిది. దానినుండి తీసిన ఒక ప్రతి సీవీఎస్ అను మరియొక పద్ధతిలో లభించెడిది. ఎవరో ఆ రెండవ ప్రతి ఉన్న యంత్రంలో ప్రవేశించి రెండు పంక్తులు చేర్చిరి. చూపునకు అవి ఒక నిర్దుష్టమైన పరీక్ష వలెనే ఉన్నవి. సీ భాషలో "ఇది దానికి సమానమా" అని ప్రశ్నించుటకు రెండు సమాన చిహ్నాలు వ్రాయవలెను. ఒక్క చిహ్నమే వ్రాసినచో అది ప్రశ్న కాక "దీనిని దానికి సమానం చేయుము" అను ఆజ్ఞ అవుతుంది. ఆ పంక్తిలో ఒక్క చిహ్నమే ఉన్నది. ఫలితంగా, ఒక నిర్దిష్టమైన రీతిలో పిలిచిన సామాన్య వినియోగదారునికి యంత్రంపై సర్వాధికారం సంక్రమించి ఉండెడిది.

దీనిని పట్టి ఇచ్చినది ఆ పంక్తిని చదివిన పండితుని చూపు కాదు. ఆ మార్పునకు మూలప్రతిలో ఆధారం లేదు. రెండు ప్రతులను సరిపోల్చినప్పుడు ఒకదానిలో ఉన్నది మరియొకదానిలో కనబడకపోవుటయే రహస్యాన్ని బయటపెట్టినది. పాఠపరిష్కర్త నిత్యం చేసే పని ఇదియే.

2011 ఆగస్టులో లినక్స్ కెర్నెల్ వెలువడే కెర్నెల్ డాట్ ఆర్గ్ సర్వర్లలోనికి ఆగంతుకులు ప్రవేశించినట్లు బయటపడినది. ఆ కేంద్రం కొన్ని వారాలు మూతపడినది. కాని అప్పటికి కోడ్ గిట్‌లో ఉండుటచేతను, దాని పూర్ణప్రతులు ఎందరి యంత్రాలలోనో ఉండుటచేతను మూలపాఠం చెడలేదని నిశ్చయించుకొనుట సాధ్యమైనది. తదనంతరం అచ్చటి ప్రవేశాధికారం కోరేవారు, తమను ఎరిగిన ఇతర కెర్నెల్ రచయితల సంతకాలు ఉన్న తాళంచెవిని చూపవలెనను నియమం ఏర్పడినది. ఒక వ్యక్తిని తెలిసిన మరికొందరు వ్యక్తులు సాక్ష్యం పలుకుట ఇందలి విశేషం.

ఖాతా భద్రత: రెండు తాళాలు

పై రెండు సందర్భాలలో యంత్రం దెబ్బతిన్నది. ఇటీవలి కాలంలో ఆగంతుకులు సర్వర్ గోడను త్రవ్వుటకంటె నిర్వాహకుని జేబులోని తాళంచెవిని దొంగిలించుటకే మొగ్గు చూపుతున్నారు. 2018 జులై 12 న ఈఎస్‌లింట్-స్కోప్ అను ప్యాకేజీకి సంబంధించి ఇట్లే జరిగినది. ఒక నిర్వాహకుడు ఒకే పాస్‌వర్డ్‌ను పలుచోట్ల వాడియుండెను. అతని ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ లేదు. మరియొక చోట బయటపడిన ఆ పాస్‌వర్డ్‌తో ఆగంతుకుడు ప్రవేశించి, దుష్టకోడ్‌తో కూడిన క్రొత్త వెర్షన్‌ను విడుదల చేసెను. దానిని స్థాపించుకొన్న ఇతర రచయితల యంత్రాలనుండి వారి ప్రచురణ టోకెన్లను అపహరించుట ఆ కోడ్ లక్ష్యం. ఒక తాళంచెవితో అనేక తాళంచెవులను రాబట్టుట అను ఈ వ్యూహం గమనింపదగినది. ఆ సమయానికి ముందు జారీ అయిన టోకెన్లన్నిటిని ఎన్‌పీఎమ్ సంస్థ రద్దుచేయవలసి వచ్చినది.

ఇట్టి అనుభవాల పిమ్మట నియమాలు బిగిసినవి. గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుండి గిట్ కార్యాలకు కేవలం పాస్‌వర్డ్‌ను అంగీకరించుట మానినది. 2023 మార్చి నుండి కోడ్ అందించేవారికి రెండంచెల ధ్రువీకరణను అంచెలవారీగా తప్పనిసరి చేసినది. పైథాన్ ప్యాకేజీల భాండాగారమైన పైపీఐ 2024 జనవరి 1 నుండి ఖాతాదారులందరికి అట్టి నియమమే విధించినది. ఇవి స్వాగతింపదగిన చర్యలు.

అయినను రెండవ తాళమే పరమావధి కాదని 2025 సెప్టెంబరు 8 నాటి ఉదంతం నిరూపించినది. రెండంచెల ధ్రువీకరణ గల ఒక నిర్వాహకునికి, ఎన్‌పీఎమ్ నుండి వచ్చినట్లే కనబడే లేఖ అందినది. ధ్రువీకరణ వివరాలను నవీకరింపవలెనని, లేనిచో ఖాతా స్తంభించునని అందులో హెచ్చరిక. ఆయన నకిలీ పుటలో పాస్‌వర్డ్‌తోపాటు తాత్కాలిక సంఖ్యను కూడ నమోదు చేసెను. చాక్, డీబగ్ మొదలుగా 18 ప్యాకేజీలు కలుషితమైనవి. సుమారు రెండు గంటలలోనే ఇతరులు గుర్తించుటచేత నష్టం పరిమితమైనది. మనిషి చదివి చెప్పే సంఖ్యను మోసగాడు కూడ అడిగి పుచ్చుకొనవచ్చును. పాస్‌కీ, భద్రతా కీ వంటి సాధనాలలో ఈ దోషం లేదు. అవి తాము నమోదైన వెబ్ చిరునామాకు తప్ప అన్యానికి బదులు పలుకవు. తనకు చెందని తలుపును తాళంచెవియే నిరాకరించుట ఇందలి మేలు.

ఇచ్చట ఒక సామాన్య ప్రమాదాన్ని కూడ పేర్కొనవలెను. తొందరలో పాస్‌వర్డ్‌నో టోకెన్‌నో కోడ్‌లోనే వ్రాసి భాండాగారంలో చేర్చుట, తరువాత గుర్తించి తుడిచివేయుట తరచుగా జరిగే పొరపాటు. భాండాగారం చరిత్రను మరువదు. తుడిచిన పంక్తి పూర్వపు మార్పులలో అట్లే ఉంటుంది. కావున అట్టి టోకెన్‌ను తుడుచుట కాదు, వెంటనే రద్దు చేయుటయే కర్తవ్యం.

నమ్మకం ద్వారా ప్రవేశం

తాళాలు ఎన్ని ఉన్నను ప్రయోజనం లేని సందర్భం ఒకటి కలదు. తాళంచెవిని దొంగకే స్వహస్తంతో అప్పగించుట. 2018 నవంబరులో బయటపడిన ఈవెంట్-స్ట్రీమ్ అను ప్యాకేజీ ఉదంతంలో, దానిని తాను వాడుట మానిన మూలకర్త, నిర్వహణకు ముందుకు వచ్చిన అపరిచితునికి హక్కులు ఇచ్చెను. ఆ అపరిచితుడు బిట్‌కాయిన్‌ను అపహరించే కోడ్‌ను మరియొక ప్యాకేజీ ద్వారా అందులో చొప్పించెను.

2024 లో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం ఇంతకంటె గంభీరమైనది. దత్తాంశాలను కుదించే ఈ సాధనం లినక్స్ పంపిణీలలో విస్తృతంగా ఉన్నది. దానిని పోషించినది ముఖ్యంగా ఒకే వ్యక్తి. వేతనం లేని, తీరిక వేళల పని. 2021 లో జియా టాన్ అను పేరుగల ఖాతా ఒకటి చిన్న చిన్న సవరణలతో దరిచేరినది. 2022 లో మరికొన్ని అపరిచిత నామాలు, పని మందగించినదనియు, క్రొత్త నిర్వాహకుణ్ణి నియమింపవలెననియు ఒత్తిడి తెచ్చినవి. తన మానసిక ఆరోగ్యం బాగులేదని, ఇది వేతనం లేని పని అని మూల నిర్వాహకుడు బహిరంగంగానే చెప్పుకొనెను. క్రమంగా జియా టాన్‌కు వ్రాయుటకును, విడుదల చేయుటకును అధికారం లభించినది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో వెలువడిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో, దూరయంత్రాలలో ప్రవేశించుటకు వాడే ఎస్‌ఎస్‌హెచ్ సేవకు దొడ్డిదారి అమరినది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇచ్చట అక్షరాలా సార్థకం కావలసినది.

దానిని పట్టినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్. ఆయన పోస్ట్‌గ్రెస్ అభివృద్ధిలో పాల్గొనే మైక్రోసాఫ్ట్ ఇంజనీరు. ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశానికి అలవాటుకంటె సుమారు అర సెకను అధికంగా పట్టుట గమనించి, కారణం వెదకుచు పోయి, 2024 మార్చి 29 న లోకానికి తెలియజేసెను. అప్పటికి ఆ వెర్షన్లు ప్రధానంగా పరీక్షాదశలోని పంపిణీలకే చేరియుండుటచేత మహోపద్రవం తప్పినది.

పాఠపరిష్కర్తలు ప్రత్యేకంగా గమనింపవలసిన అంశం ఇందులో ఒకటి ఉన్నది. దుష్టకోడ్‌లో కొంత భాగం పరీక్షా ఫైళ్ల రూపంలో భాండాగారంలోనే దాగియుండెను. దానిని మేల్కొలిపే భాగం మాత్రం భాండాగారంలో లేదు. విడుదల ప్యాకేజీలో మాత్రమే ఉన్నది. అనగా మూలప్రతి ఒకటి, ప్రచురిత ప్రతి వేరొకటి. ఆ రెంటిని సరిపోల్చినవారు లేకపోయిరి. 2003 లో రక్షించిన సాధనమే 2024 లో ఉపేక్షకు గురియైనది.

పూర్వపక్షాలు - సమాధానాలు

ఓపెన్ సోర్స్ కోడ్‌ను అందరు చూడగలరు గనుక దోషం దాగదని ఒక వాదం ప్రచారంలో ఉన్నది. చూడగలుగుట వేరు, చూచుట వేరు. గ్రంథాలయంలో అందరికి అందుబాటులో ఉన్నంతమాత్రాన గ్రంథం చదువబడినట్లు కాదు. ఎక్స్‌జెడ్ విషయంలో కోడ్ అందరి ఎదుటనే ఉన్నది. పట్టి ఇచ్చినది ఒక్కని పట్టుదల.

రెండవ వాదం మరింత బలమైనది. ఒంటరి నిర్వాహకునికి తోడు కావలెనని చెప్పుట సులభం. ఎక్స్‌జెడ్ దొంగ తోడుగానే గదా వచ్చెను? ఈవెంట్-స్ట్రీమ్ దొంగయు అట్టివాడే గదా? కావున తోడు వెదకుటయే ప్రమాదహేతువు అని ఆక్షేపణ. ఇది త్రోసిపుచ్చరానిది. కాని పరిశీలించినచో ఆ రెండు సందర్భాలలోను జరిగినది బాధ్యతను పంచుకొనుట కాదు, బాధ్యతను దించుకొనుట. అలసినవాడు అందిన చేతిని పట్టుకొనెను. ఆ చేయి ఎవరిదో విచారించుటకు అతనికి ఓపిక లేదు, సాక్ష్యం పలుకుటకు చుట్టును ఎవరును లేరు. ఆపదలో దొరికిన తోడు వేరు, సావకాశంగా ఎన్నుకొన్న తోడు వేరు. ముందే ముగ్గురు నలుగురు పరస్పరం ఎరిగిన నిర్వాహకులు ఉన్నచోట అపరిచితుడు వచ్చినను, వ్రాసే అధికారం, ప్రచురించే అధికారం ఒకేసారి అతని చేతిలో పడవు. ఒకరు వ్రాసినదానిని మరియొకరు చదివి ఆమోదించిన పిమ్మటనే చేర్చవలెనను కట్టడి, భాండాగారంలోని పాఠం నుండియే యంత్రం స్వయంగా విడుదల ప్రతిని తయారుచేయవలెనను కట్టడి అమలులో ఉన్నచో, లోపలివాని కపటానికి కూడ అవకాశం చాలవరకు తగ్గుతుంది. కంచె చేను మేయవచ్చునను భయంతో కంచెయే వలదనుట కాదు, కంచెకు కాపలా ఉండవలెననుట యుక్తం.

మూడవ వాదం నిర్వాహకుల పక్షాననే వినవచ్చినది. ఉచితంగా సేవచేసేవారిపై నియమాల భారమేల? పైపీఐ 2022 జులైలో, అధికంగా వాడుకలో ఉన్న ఒక శాతం ప్యాకేజీలను కీలకమైనవిగా గుర్తించి, వాటి నిర్వాహకులకు రెండంచెల ధ్రువీకరణను విధింపనున్నట్లు ప్రకటించినప్పుడు, గూగుల్ అందించిన 4,000 భద్రతా కీలను ఉచితంగా పంచుటకు సంకల్పించినది. అయినను ఒక నిర్వాహకుడు ఈ హోదాను వదిలించుకొనుటకు తన ప్యాకేజీని తొలగించి మరల చేర్చగా, పాత వెర్షన్లు కనబడక ఎందరో ఇబ్బందిపడిరి. ఆయన పద్ధతి సమర్థనీయం కాకపోవచ్చును. ఆయన ప్రశ్న మాత్రం న్యాయమైనది. తాళం వేయుమని ఆదేశించేవారు కావలివానికి కూలి ఇచ్చుచున్నారా? పెద్ద సంస్థలు ఇట్టి కోడ్‌పై వ్యాపార సౌధాలు కట్టుకొని, దాని నిర్వాహకునికి ఇచ్చేది తరచుగా ఫిర్యాదులు, తొందరపాట్లు మాత్రమే. జర్మనీ ప్రభుత్వం 2022 లో ఓపెన్ సోర్స్ పోషణకై సావరిన్ టెక్ ఫండ్‌ను స్థాపించుట ఈ దిశలో ఆదర్శప్రాయం. భద్రత కోరేవారు భారం కూడ మోయవలెను.

ఉపసంహారం

పై చర్చనుబట్టి కొన్ని కర్తవ్యాలు తేలుతున్నవి. ప్రతి ఖాతాకు ప్రత్యేకమైన పాస్‌వర్డ్, వీలైనచోట పాస్‌కీ లేదా భద్రతా కీ ఉండవలెను. పునరుద్ధరణ సంకేతాలను వేరువేరు స్థలాలలో దాచవలెను. టోకెన్లకు స్వల్పమైన అధికారం, స్వల్పమైన ఆయువు చాలును. పని విరమించినవారి అధికారాన్ని గౌరవపూర్వకంగా ఉపసంహరింపవలెను. విడుదల ప్రతిని మూలప్రతితో సరిపోల్చుట నియమం కావలెను. అన్నిటికంటె ముఖ్యంగా, నిర్వాహకుడు అలసినప్పుడు ఆ మాట చెప్పుకొనుటకును, భారం దించుకొనుటకును తగిన సమాజం అతని చుట్టును ఉండవలెను.

ఇవి ప్రాచ్య విద్యాసంస్థలకు సైతం వర్తిస్తాయి. కావ్యాలు, శాసనాలు, నిఘంటువులు నేడు డిజిటల్ పాఠాలుగా మారుతున్నవి. అట్టి పాఠం ఒక్క అధ్యాపకుని ఖాతాలో, ఆయన ఒక్కనికి తెలిసిన పాస్‌వర్డ్ క్రింద ఉన్నచో, ఆయన పదవీ విరమణతోనో, ఫోను నంబరు మారుటతోనో భాండాగారపు తలుపు శాశ్వతంగా మూతపడవచ్చును. మార్పుల చరిత్ర నిలిచే పద్ధతిలో పాఠాన్ని ఉంచుట, ఇద్దరు ముగ్గురు బాధ్యులను నియమించుట, పూర్ణప్రతిని మరియొక సంస్థలో నిలుపుట ఏమంత వ్యయంతో కూడిన పనులు కావు.

పూర్వపు లేఖకులలో కొందరు ప్రతి చివర తమ నడుము, మెడ, కన్నులు పడిన శ్రమను చెప్పుకొని, గ్రంథాన్ని జాగ్రత్తగా కాపాడవలసినదిగా చదువరులను వేడుకొనిరి. ఆ వేడుకోలును గ్రంథం పట్ల మన్నించిన లోకం, వ్రాసినవాని వెన్నునొప్పిని అంతగా పట్టించుకొన్నట్లు కనబడదు. ఎక్స్‌జెడ్ నిర్వాహకుడు తన అలసటను 2022 లోనే అందరు చదివే చోట వ్రాసెను. 2024 మే నెలలో దొడ్డిదారిని తొలగించిన 5.6.2 వెర్షన్‌ను మరల ఆయనయే విడుదల చేసెను. ఆ రెండు సంవత్సరాల మధ్య ఆయనకు అందవలసియుండిన సహాయం అందియున్నచో, ఆ వెర్షన్ అవసరమే కలిగియుండకపోవచ్చును.